కళ్లంలో లారీ

మార్చి 24, మంగళవారం

ఇది ఎరువుల షాపు వాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ. ఇంతవరకు గ్యాస్ బుక్ చేసిన తేదీ తప్ప ఇందులో ఏమీ లేదు. కరోనా అని అంగన్‌వాడీ మూసేశారు. పిల్లలు లేరు, పాటలు లేవు, టీచరమ్మా అని కొంగు లాగేవాళ్లు లేరు. చేతులు ఊరికే ఉండలేక రాస్తున్నాను.

సాయంత్రం ఈయన లారీ వేసుకొని వచ్చాడు. హుబ్బళ్లిలో బండలు దించి వస్తున్నాడట. ఓనరు జయరాం ఫోన్ చేసి, లోడ్లు లేవు, లారీ మీ ఊళ్లోనే పెట్టుకో ఓబుళేసూ అన్నాడట. మా వీధిలో పట్టదు గనక ఇంటి ఎదుట కళ్లంలో నిలిపాడు. శెనక్కాయల పని అయిపోయి కళ్లం ఖాళీగానే ఉంది.

ఆయన దిగీ దిగకముందే ఊరి ఆసుపత్రి నర్సమ్మ వచ్చింది. కర్ణాటక నుంచి వచ్చావు కాబట్టి రెండు వారాలు ఇంట్లో అడుగు పెట్టొద్దని చెప్పింది.

"యాడ పండుకోవల్ల మరి?"

"ఇన్నాళ్లూ యాడ పండుకుంటాండావు? ఆడనే" అని లారీ చూపించింది.

మా అత్త మారెక్క నర్సమ్మను వీధి చివరిదాకా తిడుతూ సాగనంపింది. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. పెళ్లయిన నాటి నుంచీ అంతే కదా. వస్తాడు, తలకు పోసుకుంటాడు, తింటాడు, ఉతికిన బట్టలు ఆరేలోపు వెళ్లిపోతాడు. ఇప్పుడు కంటి ఎదురుగా ఉంటాడు. అంతే తేడా.

మార్చి 25, ఉగాది

బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేశాను. ఆయన వస్తే ఎప్పుడూ చేసేవే, ఈసారి పండగ కూడా కలిసింది. కంచం మా పాప గౌతమితో పంపించాను. అది ముందు టైరు పక్కన నేల మీద పెట్టేసి వెనక్కి తిరిగింది.

"ఏం పాపా, బాగుండావా?" అన్నాడు.

తలూపింది. నడక ఆపలేదు.

"పాప యేడో తరగతి గదా?" అని నన్ను అడిగాడు, లారీ దగ్గర నుంచే, ఊరంతా వినేటట్టు. ఎనిమిది అయిపోవస్తోందని చెప్పాను. తల గోక్కున్నాడు.

పాపకు నాయన మీద ప్రేమ లేక కాదు. సిగ్గంతే. ఈసారి కొన్నాళ్లు ఉంటాడు కదా. లారీ మళ్లీ కదిలేలోపు ఇద్దరూ నాలుగు మాటలు మాట్లాడుకుంటే చాలు, నాకు ఇంకేమీ వద్దు.

మార్చి 26

పరీక్షలు లేవట, అందరూ పాసట. గౌతమి ఈ సంగతి మేకపిల్లకు అరగంట సేపు చెప్పింది.

మార్చి 29

శెనగబేడలు అయిపోయాయి. బెల్లం డబ్బా అడుగు కనిపిస్తోంది. చుట్టానికి పెట్టినట్టు రోజూ పెట్టాలంటే ఎక్కడి నుంచి వస్తాయి? ఈ రోజు మేం తినేదే, రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి. తీసుకుపోతుంటే నాకే మొహమాటంగా ఉంది.

ఆయన ఇంకో ముద్ద అడిగాడు. తర్వాత ఇంకోటి.

"ఇట్లాటిది తిని ఎన్నాళ్లాయనే. నేనొచ్చినప్పుడల్లా ఆ ఓళిగలే పెడ్తావు. నాకు తీపి పడదని తెల్దా నీకు?"

తెలీదు. పూర్ణం రుబ్బి, పెనం ముందు చేతులు కాల్చుకొని ఇన్నేళ్లుగా చేశాను, నాకెవరు చెప్పారు?

"మరి తింటావే!"

"నువ్వు పెడ్తివి, నేను తింటి."

ఒళ్లు మండిపోయింది. సాయంత్రం దాకా మాట్లాడలేదు. పాలు పితుకుతుంటే మాత్రం నవ్వు ఆగలేదు. గేదె బెదిరింది.

ఏప్రిల్ 2

నేను పిల్లల ఇళ్లకు గుడ్లు, పాల ప్యాకెట్లు ఇచ్చి మధ్యాహ్నం వచ్చేసరికి కళ్లం అంతా మసాలా వాసన. లారీలోని స్టవ్వు దించి, ఒకే గిన్నెలో బియ్యం, వంకాయలు, టమోటాలు అన్నీ వేసి వండాడు. ఆయనకు దూరంగా, లారీ నీడలోనే మా అత్త బాసింపట్టు వేసుకొని కూర్చొని తింటోంది.

"అత్తా, నర్సమ్మ చూస్తే?"

"చూడనీ. నా కొడుకు వండి పెడ్తాంటే నాకేం రోగమొస్తాది?"

ఇద్దరికి వండమంటే పది మందికి వండే చెయ్యి ఆయనది. మిగిలింది గౌతమికి తెచ్చాను. కారం అంది. కారం అంటూనే గిన్నె ఊడ్చేసింది.

ఏప్రిల్ 5

దీపాలు పెట్టమన్నారు కదా, అందరూ వాకిట్లో పెట్టారు. ఈయన లారీ లైట్లన్నీ వేసి హారన్ కూడా కొట్టాడు. కుక్కలు, కోళ్లు, ఎదురింటి గురప్ప తాత, అందరూ ఒక్కసారి అరిచారు. కిటికీలో గౌతమి నోటికి చున్నీ అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆయన చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 8

గడువు అయిపోయింది. నర్సమ్మ సరే అంది. ఆయన ఇంట్లోకి వచ్చాడు.

ఏప్రిల్ 9

ఇంట్లో మగమనిషి పగలంతా ఉంటే ఇంత ఇబ్బందని తెలీదు. నేను గుడ్లు పంచడానికి పోయి వచ్చేలోపు వంటింట్లో డబ్బాలన్నీ సర్దాడు. పెద్దవి కింద, చిన్నవి పైన, కదలకుండా వాటికి తాడు కూడా కట్టాడు! ఇల్లు ఘాట్ రోడ్డు ఎక్కుతుందా? ఉప్పు కోసం వెతికి వెతికి, చివరికి ఉప్పు లేని పప్పే వడ్డించాను. త్వరగా లోడ్లు దొరికి పోతే నా వంటిల్లు నాకు మిగులుతుంది.

ఏప్రిల్ 12

ఈ రోజు లారీ తొట్టెలో బండల దుమ్ము పోయేటట్టు బిందెలు బిందెలు పోసి కడిగాడు. ఎందుకంటే చెప్పలేదు. ఎండాక మా అత్తను చెయ్యి పట్టి పైకి ఎక్కించాడు. "ఈడ పెట్టుకోమ్మా వడియాలు. కోళ్లు రావు, మేకలు రావు."

మా అత్త అంత ఎత్తున నిలబడి వీధి వైపు చూసిన చూపు నేను మరిచిపోను. సాయంత్రానికి పక్కిళ్ల వాళ్లు కూడా పాత చీరలు, పిండి గిన్నెలు పట్టుకొని వచ్చారు. మూతులకు గుడ్డలు కట్టుకొని, దూరం దూరంగా ఒక్కొక్కరే లారీ ఎక్కి దిగుతున్నారు. ఆయన కింద నిలబడి కండక్టర్ మాదిరి, "రా అక్కా, జాగ్రత్త అక్కా" అంటున్నాడు.

మధ్యాహ్నం పూట మా అత్త నిద్ర కూడా ఇప్పుడు క్యాబిన్‌లోనే, డ్రైవర్ సీటు వెనక పరుపు మీద. అక్కడ గాలి బాగా వస్తుందట. గౌతమి ఒక్కటే ఆ లారీ దరిదాపులకు పోదు.

ఏప్రిల్ 14

లాక్‌డౌన్ పొడిగించారు. మే మూడు దాకానట. అయ్యో అనుకున్నాను.

బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేశాను. నూనె కొంచెం ఎక్కువగానే ఉండింది, ఊరికే ఎందుకని.

ఏప్రిల్ 16

"పాప నాతో ఎందుకు మాట్లాడదే?" అని అడిగాడు. చీపురు పుల్లలు ఏరి కడుతున్నాడు, తల ఎత్తలేదు.

సిగ్గని చెప్పాను.

"సిగ్గు కాదులే. నేను దానికి వచ్చిపోయే చుట్టాన్ని. చుట్టానికి కంచం పెడ్తారు, మాట్లాడల్లని యాడుండాది?"

పిల్ల మొదటి నుంచీ మౌనం మనిషి, అందరితోనూ అంతే అన్నాను. అదే సమయానికి లోపల గౌతమి, వాళ్ల అవ్వ కలిసి పగలబడి నవ్వుతున్నారు.

ఏప్రిల్ 21

వింత జరిగింది. మధ్యాహ్నం గౌతమి కనిపించలేదు. వెతికితే లారీ డ్రైవర్ సీట్లో ఉంది. స్టీరింగ్ మీద పుస్తకం, చేతిలో నా ఫోన్. ఆ ఎత్తులో సిగ్నల్ బాగా వస్తుందట, పాఠాలు ఆగకుండా కనిపిస్తాయట. ఆ సంగతి దానికి వాళ్ల అవ్వ చెప్పిందో, మేకపిల్ల చెప్పిందో.

ఆయన చూశాడు. దగ్గరికి పోలేదు. నా దగ్గరకొచ్చి, "ఉడుకు పోస్తాండాది, పాపను అద్దం దించుకోమను" అన్నాడు.

పోయి చెప్పాను. "అద్దం గట్టిగా ఉందని చెప్పు" అంది.

వచ్చి చెప్పాను. "హ్యాండిల్ కొంచెం పైకెత్తి తిప్పమను" అన్నాడు.

ఇద్దరి మధ్యా పది అడుగుల దూరం. ఈ ఎండలో నేను పోస్ట్‌మ్యాన్ మాదిరి తిరుగుతున్నాను.

ఏప్రిల్ 24

రోజూ పొద్దున్నే ఎవరూ చూడకుండా లారీ అద్దాలు తుడిచి, సీటు ముందు నీళ్ల బాటిల్ పెట్టి వస్తున్నాడు. సాయంత్రానికి బాటిల్ ఖాళీ. ఇద్దరూ ఈ సంగతి ఎత్తరు. నేను కూడా ఎత్తను.

మే 1

ఆయన చేసిన పప్పు నాకంటే బాగుందని మా అత్త అంది. ఈ రోజుకు రాయడానికి ఇంతకంటే ఏమీ లేదు.

మే 6

వాన! తెల్లవారుజామున గట్టిగా కురిసింది. తెల్లారగానే మా అత్త చేతికర్ర తీసుకొని సిద్ధం. "పదండ్రా, రాళ్లకు పోదాం. ఈయేడు బయటోళ్లు ఎవురూ రారు, అన్నీ మనకే."

మామూలుగా అయితే తొలి వానకు వజ్రాలు బయటపడతాయని మా వజ్రకరూరు చేలల్లో కార్లు, ఆటోలు, గుంతకల్లు దాకా జనం. ఈసారి ఊరి బయట పోలీసులు ఎవరినీ రానివ్వడం లేదు. ఎర్ర నేల అంతా కడిగి తుడిచినట్టు ఉంది. మేం నలుగురం, గురప్ప తాత, ఇంకో రెండు ఇళ్ల వాళ్లు, దూరం దూరంగా తలలు వంచుకొని నడిచాం.

మా అత్తకు ఒక సీసా మూత దొరికింది. నాకు ఏమీ లేదు. ఆయన నేల చూడడమే లేదు, పాప ఎక్కడ అడుగు పెడితే దాని వెనక అడుగు పెడుతున్నాడు. ఉన్నట్టుండి గౌతమి కూర్చుండిపోయి, మట్టి తుడిచి, అరచెయ్యి చాచి, "నాయనా, ఇది చూడు!" అంది.

నేను నడక ఆపేశాను. పాప కూడా అన్నాక గతుక్కుమంది.

ఆయన ఆ రాయిని ఎండకు పెట్టి, నాలుకతో తాకి, కన్ను మూసి తెరిచి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఇంత సేపా చూసేది?

"వజ్రమా?" అంది.

"పలుగు రాయి. కానీ మంచి పలుగు రాయి."

"మంచిదైతే ఏమొస్తాది?"

"ఏమీ రాదు. మంచిది, అంతే."

అది నవ్వింది, ఆయన ముందరే, చున్నీ అడ్డం పెట్టుకోకుండా. దారంతా ఏ రాయి ఏమిటో అడుగుతూనే ఉంది. ఆయనకు తెలిసింది సగం, తక్కినదంతా కల్పించాడు. ఇప్పుడా రాయి లారీ అద్దం ముందు, దేవుడి పటం పక్కన ఉంది.

నాకు ఈ రోజు ఎంత బాగుందో రాయడం రాదు.

మే 10

లారీ దగ్గర గోల. గౌతమి గేర్లు ఎట్లా వేయాలో నేర్చుకుంటోందట, ఇంజన్ వేయకుండానే. తండ్రీ కూతుళ్లు ఇద్దరూ నోటితోనే ఇంజన్ శబ్దం చేస్తున్నారు. మా అత్త వెనక పరుపు మీద పడుకొని, "మెల్లగా పోనీండ్రా, నిద్ర వస్తాండాది" అంటోంది.

మే 16

జయరాం ఫోన్. బండల ఫ్యాక్టరీ తెరిచారట. బుధవారం తాడిపత్రిలో లోడు, మైసూరుకు పోవాలట.

మంచిదే. మగవాళ్లు పనికి పోవాలి కదా. వంటింట్లో డబ్బాల తాళ్లు విప్పుకోవచ్చు.

మే 17

డబ్బాల తాళ్లు విప్పలేదు. తీరిక లేదు.

గౌతమి నిన్నటి నుంచి మళ్లీ మౌనం. క్యాబిన్ ఎక్కలేదు. ఆయన పిలిస్తే తలూపి లోపలికి పోయింది. కంచం తెచ్చి నేల మీద పెట్టింది, ఉగాది నాడు పెట్టినట్టే. ఆయన ముఖం చూడలేకపోయాను.

సిగ్గు అని ఈసారి రాయను.

మే 18

బావి దగ్గర కూర్చోబెట్టి అడిగాను. పాత చెప్పు తెగిన చోట గిల్లుకుంటూ ఉండింది. తర్వాత చెప్పింది.

"మాట్లాడితే పోయేటప్పుడు అడగాలనిపిస్తాదమ్మా, ఎప్పుడొస్తావని. అడగకూడదు గదా."

లారీ ఇళ్లల్లో అది అందరికీ తెలిసిన కట్టుబాటు. బండి కదిలేటప్పుడు యాడికి అనకూడదు, ఎప్పుడొస్తావు అనకూడదు. నేను కూడా పెళ్లయినప్పటి నుంచి ఎన్నడూ అడగలేదు. టెంకాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, నోరు మూసుకొని నిలబడతాం.

"చిన్నప్పుడు నేను అడిగినా" అంది. "అవ్వ నా నోరు మూసింది. ఆ సారే నాయన లారీ పడిపోయింది."

చిత్రదుర్గం దగ్గర. చెయ్యి విరిగింది. నేను ఆసుపత్రిలో ఆయన పక్కన ఉన్నాను, పాప ఇక్కడ వాళ్ల అవ్వ దగ్గర ఉంది. అప్పుడు ఇంట్లో ఏమనుకున్నారో నాకెట్లా తెలుస్తుంది?

"పిల్ల అడిగినందుకే ఇట్లయిందని అవ్వ అందరికీ చెప్తా ఏడ్చింది. నేను తలుపెనక ఉన్నా. అందుకే ఇంకెప్పుడూ నాయనతో మాట్లాడొద్దనుకున్నా. మాట్లాడకుంటే అడిగేది ఉండదు గదా."

అప్పుడు దానికి ఐదేళ్లు. ఐదేళ్ల పిల్ల అట్లా అనుకుని, ఇన్నేళ్లూ ఆయన ప్రాణం కాపాడుతున్నాననుకుంటూ నోరు మూసుకుంది. దగ్గరికి తీసుకొని ఏడ్చాను. అది నన్ను ఓదార్చింది.

మే 19

లారీ మీద నుంచి వడియాలు తీస్తుంటే మా అత్తకు చెప్పాను. కోపంగానే చెప్పాను.

"నేననింటినా?" అంది. "నేనా?"

గుర్తు లేదు ఆమెకు. గుర్తే లేదు! నిజంగా మరిచిపోయింది. కాసేపటికి, "అనింటానులే. కొడుకు చెయ్యి ఇరిగి పడింటే నోటికేమొస్తే అది అనింటాను" అని చీర చెరగులో వడియాలు పోసుకొని దిగిపోయింది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. క్యాబిన్‌లో పడుకోవడానికి కూడా పోలేదు.

ఆయనకు చెప్పాలా వద్దా? చెప్పాను. లారీ కిందికి పోయి, ఏమీ చెడిపోని లారీని పొద్దుమునిగే దాకా రిపేరు చేశాడు.

మే 20, బుధవారం

పొద్దున్నే పోయాడు. రాయగలిగినంత రాస్తాను.

పసుపు, కుంకుమ పెట్టాను. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాను. మా అత్త టెంకాయ కొట్టింది. గౌతమి గడప దగ్గర గుంజ పట్టుకొని నిలబడింది, పెదవులు గట్టిగా బిగించి. ఆయన లారీ ఎక్కి దాని వైపు ఒకసారి చూసి, ఇంజన్ వేశాడు. ఎప్పటి మాదిరే ఎవరమూ మాట్లాడలేదు.

అప్పుడు మా అత్త పోయి లారీ ముందర నిలబడింది. చేతిలో ఇంకా టెంకాయ చిప్పలున్నాయి. వాటితో బంపర్ మీద టకటక కొట్టి, "రేయ్ ఓబుళేసూ! ఎప్పుడొస్తావురా?" అని అరిచింది.

ఆయన బిత్తరపోయాడు. ఇంజన్ ఆపేశాడు. "ఏందిమా, ఏమంటాండావు?"

"ఎప్పుడొస్తావురా అంటాండా! చెవుడా? నేనడుగుతాండా, మీ యమ్మను. ఏమన్నా అయ్యేటట్లుంటే నాకే కానీ." వెనక్కి తిరిగి, "ఏమ్మే, నువ్వూ అడుగు. దేవుడు ఇనల్ల, మీ నాయన ఇనల్ల" అంది.

గౌతమి కదల్లేదు. ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, పాప వైపు చూస్తూ చెప్పాడు.

"ఆదివారం వస్తా."

అప్పుడు అది గడప దిగింది. కళ్లం సగం దాటి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకొని అడిగింది.

"ఏ ఆదివారం, నాయనా?"

ఆయన నవ్వాడో ఏడ్చాడో నాకు సరిగా తెలీలేదు. ఈ వచ్చేది కాదు, దాని పైది అన్నాడు. నిజంగానా అంది. నిజంగా అన్నాడు. టైర్ల కింద నిమ్మకాయలు పటపటమన్నాయి. లారీ ఊరు దాటే దాకా హారన్ మోగుతూనే ఉంది.

కళ్లంలో లారీ నిలిచిన చోట టైర్ల గుర్తులు, ఒక నూనె మరక. మా అత్త ఆ మరక పక్కనే కూర్చొని తమలపాకు నమిలింది.

మే 24

వంటింట్లో తాళ్లు విప్పాను. మళ్లీ కట్టాను. డబ్బాలు అట్లానే బాగున్నాయి.

మే 31, ఆదివారం

గౌతమి పొద్దున్నుంచి మిద్దె మీదే ఉంది. అన్నానికి కూడా దిగలేదు, కంచం పైకే తీసుకుపోయాను. చీకటి పడింది. చెక్‌పోస్టు దగ్గర ఆపారు, రేపు వస్తానని ఫోన్ చేశాడు. పాపకు ఇమ్మన్నాడు. అది ఫోన్ తీసుకోలేదు.

జూన్ 1, సోమవారం

వచ్చాడు.

లారీ కళ్లంలో, పాత మరక మీదే నిలిపాడు. నర్సమ్మ వచ్చి మళ్లీ ఆడనే పండుకో అని చెప్పి పోయింది. మా అత్త మళ్లీ వీధి చివరిదాకా తిట్టింది. నేను సంగటి కెలికాను.

గౌతమి కంచం తీసుకుపోయి, ముందు టైరు పక్కన నేల మీద టక్కున పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా తిరిగొచ్చింది. ఆయన బెదిరిపోయాడు. దూరం నుంచే నన్ను పిలిచి, పాపకు మళ్లీ ఏమైందే అని అడిగాడు.

పోయి దాన్ని అడిగాను.

"ఆదివారమని చెప్పి సోమవారం వస్తాడా? ఆయప్పతో రేపటి దాకా మాట్లాడనని చెప్పు" అంది.

వచ్చి ఆయనకు చెప్పాను. కోపమంట, రేపటి దాకానంట అన్నాను.

"కోపమా?" అన్నాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. ఇంకోసారి చెప్పాను. టైరుకు ఆనుకొని కూర్చొని, పెట్టిన ముద్ద అంతా తిని, ఇంకో ముద్ద అడిగాడు.